యాన్యువల్ రిపోర్టు ఎవరికి వినపడాలని రాస్తారు?

చాలా ఏళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక లిస్టెడ్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో, కంపెనీ చట్టం పనులు చూసే సెక్రటేరియల్ డిపార్ట్‌మెంట్‌లో ట్రైనీగా చేరాను. మే నెల, ఆడిట్ టెన్షన్ అందరి నెత్తిమీదా ఉంది. ఏటా వాటాదారులకు పంపే యాన్యువల్ రిపోర్టులో ఉండే డైరెక్టర్ల నివేదిక డ్రాఫ్ట్ చెయ్యమని నాకు అప్పజెప్పారు. నా మీద ఎంత నమ్మకమో అని పొంగిపోయాను. తీరా చూస్తే పని ఏమిటంటే, పోయినేడాది వర్డ్ ఫైల్ తెరిచి 'సేవ్ యాజ్' కొట్టడం, ఏడాది అంకెలు మార్చుకుంటూ పోవడం, అకౌంట్స్ వాళ్లు పంపిన లాభనష్టాలు పట్టికలో వెయ్యడం.

సగంలో ఒక వాక్యం దగ్గర ఆగాను. 'కంపెనీ కార్యకలాపాలకు ఇంధనం పెద్దగా అవసరం లేదు. అయినప్పటికీ, ఇంధన పొదుపునకు తగిన చర్యలు తీసుకోవడం జరుగుతోంది' అని దాని సారాంశం. "మనం రాసేది కోడ్ కదా సార్, ఈ ఇంధనం గొడవ మనకెందుకు?" అని మా సీనియర్‌ని అడిగాను. ఆయన తల ఎత్తకుండానే, "సెక్షన్ ఉందయ్యా, రాయాలి. దాన్ని కదపకు" అన్నారు.

ఆ తర్వాత ఎన్నో కంపెనీల నివేదికలు చదివాను. ఆ వాక్యం మా ఆఫీసులో పుట్టింది కాదని అప్పుడు తెలిసింది. ఐటీ కంపెనీ, ఫైనాన్స్ కంపెనీ, స్టాక్ బ్రోకరు, ఎవరి పుస్తకం తెరిచినా అటూ ఇటూగా అదే మాట. కంపెనీల కథనాలు ఏళ్ల తరబడి ఎలా మారతాయో, ఎందుకు మారవో తెలుసుకోవాలంటే ఈ ఒక్క వాక్యం వంశవృక్షం చూస్తే చాలావరకు సరిపోతుంది.

1988లో కంపెనీల చట్టాన్ని సవరించి 217వ సెక్షన్‌లో ఒక క్లాజు చేర్చారు. దాని ప్రకారం డైరెక్టర్లు తమ నివేదికలో మూడు సంగతులు చెప్పాలి. ఇంధనం ఎలా పొదుపు చేస్తున్నారు, కొత్త టెక్నాలజీని ఎంతవరకు సొంతం చేసుకున్నారు, విదేశీ మారకం ఎంత తెచ్చారు, ఎంత వాడారు. ఇవే ఎందుకు అడిగారో ఆ రోజులు గుర్తున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. అంతకుముందు దశాబ్దంలో చమురు ధర రెండుసార్లు భగ్గుమంది. డాలర్లకు కటకట. ఫ్యాక్టరీ పెట్టాలన్నా, పెంచాలన్నా, మిషను దిగుమతి చేసుకోవాలన్నా ఢిల్లీ అనుమతి కావాలి. సిమెంటు, ఉక్కు, ఎరువులు లాంటి పరిశ్రమలైతే 'ఫారం ఏ' అనే పట్టిక నింపాలి. టన్ను సరుకు తయారీకి ఎన్ని యూనిట్ల కరెంటు పట్టింది, ఎంత బొగ్గు, ఎంత ఫర్నేస్ ఆయిల్ అనేవి అందులో ఉండేవి. నివేదిక పేరుకు వాటాదారులకు. చెబుతున్నది మాత్రం ప్రభుత్వానికి.

1991 తర్వాత లైసెన్సులు పోయాయి, డాలర్ల కరువు తీరింది. ఆ వాక్యం మాత్రం పోలేదు. 2013లో మొత్తం చట్టాన్నే కొత్తగా రాసినప్పుడు కూడా ఈ మూడు అంశాలు 134వ సెక్షన్‌లోకి భద్రంగా మారాయి. అద్దె ఇల్లు మారేటప్పుడు ఎందుకు పనికొస్తుందో తెలియని అట్టపెట్టెను కూడా లారీ ఎక్కిస్తాం చూడండి, అలా.

ఇలాంటి వాటికి సామాజిక శాస్త్రంలో ఒక వివరణ ఉంది. 1983లో పాల్ డిమాజియో, వాల్టర్ పావెల్ అనే ఇద్దరు అమెరికన్ పండితులు ఒక ప్రశ్న వేశారు. ఒక రంగంలోని సంస్థలన్నీ కొన్నాళ్లకు ఒకే పోలికలోకి ఎందుకు వస్తాయి? వాళ్లు మూడు ఒత్తిళ్లు చెప్పారు. ఒకటి బలవంతం, అంటే చట్టం, రెగ్యులేటరు, పెద్ద పెట్టుబడిదారు. రెండోది అనుకరణ. ఏం చెయ్యాలో తోచనప్పుడు ముందున్నవాణ్ణి చూసి రాయడం. మూడోది వృత్తి కట్టుబాటు. ఒకే కోర్సు చదివి, ఒకే పరీక్ష పాసై, ఒకే సెమినార్లకు వెళ్లేవాళ్లు ఎక్కడ కూర్చున్నా ఒకేలా రాస్తారు. అంతకు ఆరేళ్ల ముందే జాన్ మేయర్, బ్రయన్ రోవన్ ఇంకో మాట అన్నారు. సంస్థలు సమాజం మెచ్చే పద్ధతులను ఒక క్రతువులా పాటిస్తాయి, లోపలి పనిని ఆ క్రతువుకు దూరంగా, విడిగా ఉంచుకుంటాయి అని. మా సీనియర్ ఈ వ్యాసాలేవీ చదవలేదు. 'సెక్షన్ ఉందయ్యా' అన్న మాటలో సారమంతా ఉంది.

మూడు ఒత్తిళ్లనూ విడివిడిగా పాఠంలా చెప్పుకోవచ్చు కానీ, టేబుల్ మీద అవి కలిసే ఉంటాయి. నేను చూసినంతలో డ్రాఫ్ట్ మొదలయ్యే రోజున ఆ టేబుల్ మీద మూడు రకాల కాగితాలుంటాయి. చట్టం అడిగిన అంశాల చెక్‌లిస్టు ఒకటి. పోటీ కంపెనీల కిందటేడాది నివేదికలు నాలుగైదు, పసుపు స్టిక్కర్లు అంటించి. చార్టర్డ్ అకౌంటెంట్ల, కంపెనీ సెక్రటరీల ఇన్‌స్టిట్యూట్‌లు ఇచ్చే అవార్డుల అప్లికేషన్ ఇంకొకటి. అవార్డు వాళ్లు ఏ శీర్షికకు మార్కులు వేస్తారో ఆ శీర్షిక మరుసటి ఏడాది పుస్తకంలో ప్రత్యక్షమవుతుంది.

అనుకరణకు మన దేశంలో పెద్ద ఉదాహరణ ఇన్ఫోసిస్. 1990ల్లో ఆ కంపెనీ చట్టం అడగనివి కూడా చెప్పడం మొదలుపెట్టింది. తన బ్రాండ్ విలువ లెక్కగట్టింది, ఉద్యోగుల విలువ లెక్కగట్టింది, అమెరికన్ పద్ధతిలోనూ లెక్కలు ఇచ్చింది. 1999లో అమెరికా స్టాక్ ఎక్స్ఛేంజ్ నాస్‌డాక్‌లో లిస్టయింది. భారతదేశంలో రిజిస్టరైన కంపెనీ ఒకటి అక్కడికి వెళ్లడం అదే మొదలు. దాంతో బెంగళూరు నివేదిక మిగతావాళ్లకు నోట్స్ అయిపోయింది. క్లాసులో ఫస్ట్ వచ్చినవాడి నోట్స్ జిరాక్స్ తీసుకున్నట్టే. సమాధానాలు బాగానే వచ్చాయి. అర్థమయ్యాయా అన్నది వేరే సంగతి.

అదే సమయంలో మన స్టాక్ మార్కెట్ రెగ్యులేటరు సెబీ కూడా కదిలింది. కుమార మంగళం బిర్లా కమిటీ సిఫార్సుల మీద 2000లో కంపెనీలు స్టాక్ ఎక్స్ఛేంజ్‌తో చేసుకునే లిస్టింగ్ ఒప్పందంలో 49వ క్లాజు వచ్చింది. కార్పొరేట్ గవర్నెన్స్ (కంపెనీని ఎంత బాధ్యతగా నడుపుతున్నారన్నది) మీద విడి అధ్యాయం, మేనేజ్‌మెంట్ విశ్లేషణ అనే ఇంకో అధ్యాయం తప్పనిసరి అయ్యాయి. ఆ విశ్లేషణలో ఏమేం ఉండాలో కూడా చెప్పారు. పరిశ్రమ తీరు, అవకాశాలు, ముప్పులు, ముందుచూపు, రిస్కులు, అంతర్గత నియంత్రణలు. ఇన్నేళ్లయినా చాలా నివేదికల్లో శీర్షికలు అదే వరుసలో ఉంటాయి.

అంతర్గత నియంత్రణల దగ్గర ఒక చిన్న సరదా ఉంది. 'కంపెనీ పరిమాణానికి, వ్యాపార స్వభావానికి తగిన నియంత్రణ వ్యవస్థ మాకు ఉంది' అని దాదాపు ప్రతి కంపెనీ రాస్తుంది. ఈ మాటలు ఎక్కడివి? ఆడిటర్లు ఏటా జవాబు చెప్పాల్సిన ప్రశ్నలతో ప్రభుత్వం 1988లో ఒక ఉత్తర్వు ఇచ్చింది. పరిమాణానికీ స్వభావానికీ తగిన నియంత్రణ ఉందా అన్నది అందులో ఒక ప్రశ్న. ఆ ప్రశ్నలోంచి 'ఆ' దీర్ఘం తీసేస్తే జవాబు వచ్చేసింది. ప్రశ్నలోని మాటలతోనే జవాబు రాస్తే టీచరు కొట్టెయ్యడానికి లేదని మనకు ఆరో తరగతిలోనే తెలుసు.

చైర్మన్ ఉత్తరం మాత్రం కొంచెం వేరు. దానికి నమూనా ఫారం లేదు కాబట్టి, ఏ కాలంలో ఎవరి మాట చెల్లుబాటైందో అందులోనే బాగా తెలుస్తుంది. పాత చైర్మన్ల ప్రసంగాల్లో పవర్ కట్, ఎక్సైజ్ సుంకం, ధరల నియంత్రణ, దిగుమతి లైసెన్సు ఇవే ఎక్కువ. వింటున్నది మంత్రిగారు. 1991 తర్వాత 'ప్రపంచస్థాయి', 'వాటాదారుల సంపద' వచ్చాయి. ఇప్పుడు వింటున్నది ఫండ్ మేనేజరు. ఈ పదేళ్లలో 'దేశ నిర్మాణం', 'ఆత్మనిర్భర్', 'నెట్ జీరో' పక్కపక్కనే కూర్చుంటున్నాయి. ఒక కన్ను ఢిల్లీ మీద, ఒక కన్ను విదేశీ ఫండ్ల మీద. ఫ్యాక్టరీలో తయారయ్యే సరుకు మూడు కాలాల్లోనూ అదే సిమెంటు కావచ్చు.

వినేవాళ్లు మారితే గొంతు ఎంత మారుతుందో ఒకే ఏడాదిలో కూడా చూడొచ్చు. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2001 నుంచి న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఉంది. కాబట్టి ఇక్కడి యాన్యువల్ రిపోర్టుతోపాటు అమెరికా రెగ్యులేటరుకు 'ఫారం 20-ఎఫ్' కూడా ఇస్తుంది. ఈ కంపెనీ అనే కాదు, రెండు చోట్లా లిస్టయిన ఏ కంపెనీవైనా రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. 20-ఎఫ్‌లో రిస్కుల జాబితా పేజీలకు పేజీలు సాగుతుంది. తనిఖీలో తప్పులు బయటపడొచ్చు, పేటెంటు కేసు ఓడిపోవచ్చు, కీలకమైన మనుషులు వెళ్లిపోవచ్చు అని. అమెరికాలో వాటాదారులు కోర్టుకు లాగుతారన్న భయం ఆ పేజీలు రాయిస్తుంది. అలాంటి భయం పెద్దగా లేని చోట అదే కంపెనీ గొంతు ఎప్పుడూ కాస్త హుషారుగానే ఉంటుంది.

ఇక సత్యం కంప్యూటర్స్ దగ్గరికి రాక తప్పదు. మన ఊరి కథ కాబట్టి చెప్పడం లేదు. ఈ మూడు ఒత్తిళ్లకూ నూటికి నూరు మార్కులు తెచ్చుకున్న కంపెనీ అది కాబట్టి చెబుతున్నాను. న్యూయార్క్‌లో లిస్టింగ్, అంతర్జాతీయ పేరున్న ఆడిటరు, బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసరు, ఐఎస్‌బీ బిజినెస్ స్కూల్ డీన్, పెంటియం చిప్‌తో పేరొచ్చిన ఇంజినీరు. 2008 సెప్టెంబరులో కార్పొరేట్ గవర్నెన్స్‌కు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. సరిగ్గా ఆ నెలాఖరు లెక్కల గురించే, 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖ మాట్లాడింది. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు లేనే లేవు. ఆ త్రైమాసికంలో ఆదాయం 2,700 కోట్లని చూపితే అసలు 2,112 కోట్లు. మార్జిన్ 24 శాతమని చెప్పింది నిజానికి 3 శాతం. పులి మీద స్వారీ చేస్తూ, దిగితే అది మింగేస్తుందేమోనన్న స్థితి తనదని ఆయన రాశారు.

ఆ రోజు పంజాగుట్ట నుంచి మాదాపూర్ దాకా ఏ టీ కొట్టు దగ్గరైనా ఇదే మాట. మా ఆఫీసులో అందరూ ఆ కంపెనీ పాత నివేదికలు డౌన్‌లోడ్ చేసి వెతికారు, ఎక్కడైనా ఒక సూచన దొరుకుతుందేమోనని. చట్టం రాయమన్న పేరాలన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. లెక్కలు నిజమైన స్థితిని చూపుతున్నాయని డైరెక్టర్లు బాధ్యత తీసుకునే ప్రకటన 2000 నుంచే చట్టంలో ఉంది, ప్రతి కంపెనీ ఇచ్చినట్టే వాళ్లూ ఇచ్చారు. నాకు ఆ రోజు అర్థమైంది ఇది. ఆ ఒత్తిళ్లన్నీ అడిగేది 'ఉందా?' అని. 'నిజమా?' అని కాదు. ఫలానా కమిటీ ఉందా, ఫలానా పేరా ఉందా, సంతకం ఉందా. ఉన్నాయి.

కుంభకోణం తర్వాత ప్రభుత్వం ఊరుకోలేదు. 2013 చట్టంలో ఆడిటర్లను తప్పనిసరిగా మార్చే నిబంధన వచ్చింది, చట్టాలు పాటించారా అని చూసే సెక్రటేరియల్ ఆడిట్ వచ్చింది, ఆర్థిక నియంత్రణల మీద ఆడిటరు విడిగా అభిప్రాయం చెప్పాలన్నారు, లోపలివాళ్లు ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉండాలన్నారు. వీటిలో నిజంగా పళ్లున్నవి ఉన్నాయి. ఆడిటరు మారడం ఖాయమైతే వచ్చేవాడు పోయినవాడి కాగితాలు తిరగేస్తాడన్న భయమైనా ఉంటుంది. కానీ నివేదికలోకి వచ్చేసరికి ప్రతి సంస్కరణా ఒక పేరాగా గడ్డకడుతుంది. మొదటి ఏడాది లాయర్లు కూర్చుని రాస్తారు, రెండో ఏడాది 'సేవ్ యాజ్'.

సీఎస్సార్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత విషయంలో ఈ గడ్డకట్టడాన్ని కళ్లారా చూశాను. అదే చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1,000 కోట్లు, లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్క గీత దాటిన కంపెనీ అయినా మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. పెట్టకపోతే? ఎందుకు పెట్టలేదో నివేదికలో చెప్పాలి, అంతే. దాంతో 'తగిన ప్రాజెక్టులను గుర్తించే పనిలో ఉన్నాం' అన్న వాక్యం పుట్టింది, ఏళ్ల తరబడి బతికింది. బడికి రాని పిల్లాడి కడుపునొప్పి చీటీ లాంటిది. 2021 జనవరిలో రూలు మార్చారు. ఖర్చు కాని డబ్బును విడి ఖాతాకో, ప్రభుత్వం చెప్పిన నిధికో గడువులోగా కట్టాలి, లేకపోతే జరిమానా. ఆ తర్వాత నేను చదివిన నివేదికల్లో కడుపునొప్పి చీటీలు బాగా తగ్గాయి. వివరణ ఇస్తే చాలన్నప్పుడు వివరణలు వచ్చాయి, డబ్బు కదపాలన్నప్పుడు డబ్బు కదిలింది.

మళ్లీ మన ఇంధనం వాక్యం దగ్గరికి వద్దాం, దాని కథలో అసలు మలుపు ఇంకా చెప్పలేదు. 2014లో కొత్త రూల్స్ వచ్చినప్పుడు పాత 'ఫారం ఏ' పోయింది. టన్నుకు ఎన్ని యూనిట్లు అని చెప్పక్కర్లేదు. పొదుపునకు తీసుకున్న చర్యలు, ప్రత్యామ్నాయ ఇంధన వాడకం, పరికరాల మీద పెట్టిన పెట్టుబడి చెబితే చాలు. అంకెల స్థానంలో కథనం వచ్చిందన్నమాట. ఎల్‌ఈడీ బల్బులు, సోలార్ పలకలు, 'ఉద్యోగుల్లో అవగాహన'. సిమెంటు కంపెనీకి కూడా సాఫ్ట్‌వేర్ కంపెనీ లాగే మాట్లాడే వీలు దొరికింది.

అంకెలు వేరే గుమ్మంలోంచి తిరిగొచ్చాయి. 2012లో సెబీ టాప్ 100 కంపెనీలను బాధ్యతాయుత వ్యాపారం మీద ఒక నివేదిక ఇమ్మంది. తర్వాత అది 500కు, 1,000కి పాకింది. 2021 మే నెలలో దాని స్థానంలో బీఆర్‌ఎస్‌ఆర్ (బిజినెస్ రెస్పాన్సిబిలిటీ అండ్ సస్టైనబిలిటీ రిపోర్ట్) తెచ్చారు, 2022–23 నుంచి టాప్ 1,000 కంపెనీలకు తప్పనిసరి చేశారు. ఈసారి అడుగుతున్నది పర్యావరణాన్ని చూసి డబ్బు పెట్టే ఫండ్ల కోసం. ఇంధనం మొత్తం ఎన్ని జౌల్స్, నీళ్లు ఎన్ని కిలోలీటర్లు, వ్యర్థాలు ఎన్ని టన్నులు అన్నీ చెప్పాలి. దాంతోపాటు 'రూపాయి టర్నోవరుకు ఎంత ఇంధనం' అన్న నిష్పత్తి కూడా.

ఈ రూపాయి దగ్గర కాస్త ఆగాలి. పాత ఫారం టన్ను సిమెంటుకు ఎంత కరెంటు అని అడిగేది. ఇది రూపాయి అమ్మకానికి ఎంత అని అడుగుతుంది. బస్తా 350 రూపాయలు ఉన్నప్పుడూ, 400 అయినప్పుడూ బట్టీలో కాలే బొగ్గు ఒకటే. ధర పెరిగితే నిష్పత్తి దానంతటదే తగ్గుతుంది. ఒక్క యూనిట్ పొదుపు చెయ్యకుండానే 'ఇంధన తీవ్రత గణనీయంగా తగ్గింది' అని పెద్ద అక్షరాల్లో వేసుకోవచ్చు. అబద్ధం కాదు, ఎవరూ తప్పు పట్టలేరు. టన్ను లెక్క లాంటి దానికి కూడా ఫారంలో చోటుంది, ఇచ్చేవాళ్లు ఇస్తున్నారు కూడా. కానీ రంగుల పేజీలో ఏది వెయ్యాలో డిజైన్ ఏజెన్సీకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. ఒత్తిడి ఎప్పుడూ పైనుంచి కిందికే పారదు. బీఆర్‌ఎస్‌ఆర్‌లో ముఖ్యమైన అంకెలను బయటివాళ్లతో గట్టిగా పరీక్ష చేయించాలని 2023లో సెబీ చెప్పింది, 2023–24కి టాప్ 150తో మొదలుపెట్టి ఏటా మరికొన్ని కంపెనీలకు విస్తరించాలన్నది లెక్క. సప్లయర్ల వివరాలు కూడా అడిగింది. ఖర్చు ఎక్కువ, చిన్న సప్లయర్ల దగ్గర లెక్కలే ఉండవు అని పరిశ్రమ గోల పెట్టింది, అందులో కొంత న్యాయం కూడా ఉంది. 2024 డిసెంబరులో సెబీ మెత్తబడింది. గట్టి పరీక్షకు బదులు తేలికపాటి మదింపు కూడా సరిపోతుందంది, సప్లయర్ల వివరాలను స్వచ్ఛందం చేసి ఏడాది వాయిదా వేసింది. ఫారం కంపెనీని మలుస్తుంది, కంపెనీలన్నీ కలిసి ఫారాన్నీ మలుస్తాయి.

ఇప్పుడు ఎవరైనా నివేదిక ఎలా చదవాలని అడిగితే, ఒకే కంపెనీవి రెండేళ్ల పుస్తకాలు పక్కపక్కన పెట్టుకోమంటాను. ఒకేలా ఉన్న పేరాలన్నీ పెన్సిల్‌తో కొట్టెయ్యండి. సగానికి పైగా పోతుంది. మిగిలిన దానిలో కొత్తగా వచ్చిన వాక్యం వెనక ఎవరో అడిగినవాళ్లుంటారు, వాళ్లెవరో కనుక్కోవడం కష్టం కాదు. కానీ మాయమైన వాక్యాన్ని ఎవరూ అడగరు. పోయినేడాది మూడు పేజీలు పొగిడిన కొత్త ప్లాంటు ఈ ఏడాది ఒక ఫుట్‌నోట్‌లోకి జారిందంటే, నేనైతే ముందు ఆ ఫుట్‌నోటే చదువుతాను.

తాజాగా చేరిన పొర 2025 జులై 14 నుంచి. లైంగిక వేధింపుల ఫిర్యాదులు ఎన్ని వచ్చాయి, ఎన్ని పరిష్కరించారు, 90 రోజులు దాటి ఎన్ని పెండింగ్‌లో ఉన్నాయి అని డైరెక్టర్ల నివేదికలో అంకెలతో చెప్పాలి. ప్రసూతి ప్రయోజనాల చట్టం పాటిస్తున్నామని ఒక వాక్యం కూడా రాయాలి. మొన్న తెలిసిన కుర్రాడొకడు, కొత్తగా చేరాడు, తన డ్రాఫ్ట్ ఒకసారి చూడమని పంపాడు. ప్రసూతి వాక్యం ఉంది, చట్టంలోని మాటలే తిరగేసి. కింద పట్టికలో 0, 0, 0. మూడు వేలమంది పనిచేసే చోట మూడు సున్నాలంటే అంతా క్షేమమనా, ఫిర్యాదు పెట్టే ధైర్యం ఎవరికీ లేదనా అని ఫోన్‌లో అడిగాను. "ఏమో సార్, హెచ్ఆర్ వాళ్లు అలాగే పంపారు" అన్నాడు.

పైకి స్క్రోల్ చేశాను. ఇంధనం వాక్యం అలాగే ఉంది. 'అయినప్పటికీ' పక్కన కామా మాత్రం ఎవరో తీసేశారు.